తగ్గిన జ్వరం తిరగబెడితే

(డిసెంబర్ 6న మా పల్లెలో అంబేద్కర్ వర్ధంతి సభలో మేము చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడింది మాట్లాడినట్టే రాశాం. అక్కడక్కడ కొద్దిగా సరిచేశాం.)



బాబాసాహెబ్ వర్ధంతి రోజున జ్వరాల గురించి మాట్లాడటమేంటి, పంతులికి వేరే విషయం దొరకలేదా అని కొంతమంది అనుకోవచ్చు. మొన్న పత్తితీతకు పోయే మన ముఠాలో ఇద్దరు ఆడకూతుళ్ళు చేలోనే కూలబడ్డారు. ఇద్దరికీ అంతకు వారం ముందు రొంప, జొరం, దగ్గు వచ్చినయ్. మూడు రోజులు పడుకున్నారు. నాలుగో రోజు ఒళ్ళు చల్లబడింది. ఐదో రోజు చేలోకి పోయారు. ఏడో రోజుకు మళ్ళా జొరం. "తగ్గింది గదయ్యా, మళ్ళా ఎందుకు తిరగబెట్టింది?" అని వాళ్ళమ్మ మమ్మల్ని అడిగింది. అది మంచి ప్రశ్న. దానికి సరిగ్గా జవాబు తెలియక మన పల్లె ఇదివరకే ఒక మనిషిని పోగొట్టుకుంది. అందుకే ఈ రోజు ఈ విషయమే మాట్లాడదామని వచ్చాం.

ముందు మా తప్పు మేము చెప్పుకుంటాం. 2021 మే నెల. కరోనా రెండోసారి ఊళ్ళ మీద పడ్డ రోజులు. మా చిన్నాయన రైసుమిల్లులో బస్తాలు మోసేవాడు. చాలామందికి గుర్తుండే ఉంటాడు. నూరు కేజీల బస్తాను ఒక్క ఊపున వీపు మీదికి ఎత్తుకునే మనిషి. ఆయనకు జొరం వచ్చింది. పల్లెకు వచ్చే ఆర్.ఎం.పి. డాక్టరు రోజూ సూది వేశాడు, గోలీలు ఇచ్చాడు. నాలుగో రోజు సాయంత్రానికి జొరం దిగింది. ఐదో రోజు గోంగూర పచ్చడితో కడుపునిండా అన్నం తిన్నాడు. ఇంట్లో అందరం గండం గడిచిందనుకున్నాం. ఏడో రోజు పొద్దున్నే మా ఇంటికొచ్చి, "ఒరే, నువ్వు చదువుకున్నోడివి, నేను పనికి పోవచ్చా?" అని అడిగాడు. ఈ పల్లెలో మొదటి డిగ్రీ మాది. జొరం వచ్చినా, బ్యాంకు కాగితం వచ్చినా, కోర్టు నోటీసు వచ్చినా మన పల్లె మా గడపలోకే వస్తుంది. మేము నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, "చల్లగానే ఉందిలే చిన్నాయనా, మెల్లగా పో" అన్నాం. ఆ మాట మేమే అన్నాం.

ఎనిమిదో రోజు రాత్రి ఎగశ్వాస మొదలైంది. ఆటోలో వేసుకుని తిరిగాం. ఒకచోట మంచం లేదన్నారు, ఇంకోచోట ఆక్సిజన్ లేదన్నారు. మూడోచోట చేర్చుకునేసరికి తెల్లవారింది. పదో రోజు పోయాడు. నలుగురు కుర్రోళ్ళు తప్ప పాడె మోయటానికి ఎవరినీ రానివ్వలేదు.

చేయి పెట్టి చూస్తే జొరం ఉందా లేదా అన్నదే తెలుస్తుంది. రోగం పోయిందో లేదో చేతికి తెలియదు. ఈ ఒక్క సంగతి ఆ రోజు మాకు తెలిసి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం. ఏడో రోజు మాత్రం ఆయన బస్తా మోసి ఉండేవాడు కాదు.

సరే, తిరగబెట్టటం అంటే ఏంటి? మనం ఒకే మాట వాడతాం గానీ దాని వెనక నాలుగైదు వేరువేరు సంగతులు ఉన్నాయి. ఏది ఏదో తెలుసుకుంటే ఏం చెయ్యాలో తెలుస్తుంది.

మొదటిది, రోగం అసలు పోనే లేదు, పోయినట్టు కనపడింది. వైరస్ అనేది తనంతట తాను బతకలేదు. మన ఇంట్లో దూరి, మన పొయ్యి మీద, మన బియ్యంతోనే వండుకుని తన పిల్లల్ని పెంచుకునే రకం అది. ముక్కులో, గొంతులో, ఊపిరితిత్తుల్లో ఉండే కణాల్లోకి దూరి, వాటి చేతనే తన నకళ్ళు తీయించుకుంటుంది. మొదటి వారంలో జరిగేది ఇదే. మన ఒంట్లో ఉన్న రక్షణ దళం దాని మీదికి లేస్తుంది. జ్వరం, ఒళ్ళునొప్పులు చాలావరకు ఆ పోరాటపు వేడే. నూటికి ఎనభై మందికి పైగా అక్కడితోనే కోలుకుంటారు. కొంతమందిలో మాత్రం రెండో వారంలో ఆ రక్షణ దళమే అదుపు తప్పుతుంది. గడ్డివాములో పాము దూరిందని వాముకే నిప్పు పెట్టినట్టు, వైరస్‌ను చంపబోయి ఊపిరితిత్తులను కాల్చుకుంటుంది. కరోనాలో ఐదో రోజు నుంచి పదో రోజు దాకా ఈ ప్రమాదం ఎక్కువ. మా చిన్నాయన పోయింది సరిగ్గా ఆ రోజుల్లోనే.

ఇందులో ఇంకో మోసం ఉంది. ఆక్సిజన్ పడిపోతున్నా కొంతమందికి ఆయాసం తెలియదు. మాట్లాడుతూనే ఉంటారు, నవ్వుతూనే ఉంటారు. వేలికి మీటరు పెట్టి చూస్తే తొంభై కింద చూపిస్తుంది. 2020, 2021లో డాక్టర్లు ఇలాంటి వాళ్ళను చాలామందిని చూశారు.

ఇక్కడ సూదుల సంగతి చెప్పుకోవాలి. మనం ఆర్.ఎం.పి. డాక్టర్లను తిట్టి ఊరుకుంటే లాభం లేదు. అర్ధరాత్రి పిలిస్తే మాలపల్లెలోకి, మాదిగపల్లెలోకి వచ్చేది వాళ్ళే. పెద్ద డాక్టరు రాడు. అయినా నిజం చెప్పాలి. జొరం గబుక్కున దిగటానికి కొందరు డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్ సూదులు వేస్తారు. దాంతో జొరం దిగుతుంది, ఆకలి వేస్తుంది, ఒళ్ళు తేలికపడ్డట్టు ఉంటుంది. అంతేగానీ వైరస్ చావదు. స్టెరాయిడ్ మన రక్షణ దళాన్ని నెమ్మదింపజేస్తుంది. 2020 జూన్‌లో ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయం వాళ్ళు ఈ మందు మీద పెద్ద పరిశోధన ఫలితాలు బయటపెట్టారు. వెంటిలేటర్ మీద ఉన్న కరోనా రోగుల్లో చావులను మూడో వంతు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్ళలో ఐదో వంతు తగ్గించింది ఈ మందు. ఆక్సిజన్ అవసరం లేనివాళ్ళకు మాత్రం ఏ మేలూ కనపడలేదు. అంటే అదే మందు ఎనిమిదో రోజు ఆసుపత్రిలో ప్రాణం నిలబెట్టొచ్చు, రెండో రోజు ఇంటి అరుగు మీద వేస్తే మోసం చెయ్యొచ్చు. పైగా షుగరు ఉన్నవాళ్ళకు షుగరు పెంచుతుంది. 2021 వేసవిలో కరోనా తగ్గిందని ఇంటికి వచ్చిన ఎంతోమందికి ముక్కులో, కంటిలో బ్లాక్ ఫంగస్ పట్టింది. దాని వెనక షుగరు, అడ్డూ అదుపూ లేకుండా వాడిన స్టెరాయిడ్లు ఉన్నాయని డాక్టర్లే తేల్చారు. కాబట్టి సూది వేసేటప్పుడు "ఇది ఏం మందయ్యా?" అని అడగండి. చీటీ మీద పేరు రాయమనండి. అడగటం మన హక్కు.

రెండోది, ఒక రోగం తగ్గుతుండగా ఇంకో రోగం దూరటం. ఫ్లూ జ్వరంలో ఇది ఎక్కువ. వైరస్ వచ్చి ఊపిరి గొట్టాల లోపలి పొరను చెడగొట్టి పోతుంది. కంచె తెగిన చేలోకి గొడ్లు పడ్డట్టు, అప్పటిదాకా ముక్కులో, గొంతులో ఊరికే ఉన్న బ్యాక్టీరియా లోపలికి దిగుతుంది. జ్వరం తగ్గి రెండు మూడు రోజులు బాగుంటుంది. ఉన్నట్టుండి చలితో జ్వరం, ఛాతీలో పోటు, పసుపు పచ్చగానో తుప్పు రంగులోనో తెమడ వస్తుంది. అది నిమోనియా. దీనికి యాంటీబయాటిక్ మందు కావాలి, వెంటనే కావాలి. మొదట వచ్చిన వైరస్ జ్వరానికి మాత్రం యాంటీబయాటిక్ ఏమీ చెయ్యదు. మనం చేసేది తలకిందులు. మొదటి రోజే అజిత్రోమైసిన్ మింగుతాం. నిజంగా కావలసిన రోజున "మొన్ననే మింగాం గదా" అని ఊరుకుంటాం.

ఈ రెండో రకం ఎంత పనిచేసిందో చరిత్రలో ఉంది. 1918 జూన్ 10న బొంబాయిలో ఏడుగురు పోలీసు సిపాయిలు జ్వరంతో ఆసుపత్రిలో చేరారు. యుద్ధపు ఓడలు వచ్చే రేవు పట్నం అది. ఆ జూన్‌లో జ్వరం ఊరంతా పాకి, జూలైకి తగ్గిపోయింది. ప్రాణనష్టం పెద్దగా లేదు. పోయిందనుకున్నారు. సెప్టెంబరులో తిరిగొచ్చింది. ఈసారి రైలు పట్టాల వెంట దేశమంతా పడింది. కోటీ ఇరవై లక్షల నుంచి కోటీ ఎనభై లక్షల దాకా చనిపోయారని పరిశోధకులు లెక్కలు కట్టారు. ఆ నాటి రోగుల ఊపిరితిత్తుల ముక్కలను అమెరికా శాస్త్రవేత్తలు మళ్ళీ పరీక్షించి 2008లో ప్రకటించారు. ఎక్కువమందిని చంపింది ఫ్లూ తర్వాత దూరిన బ్యాక్టీరియా నిమోనియానే అని తేలింది. పెన్సిలిన్‌ను కనిపెట్టింది 1928లో. అప్పటికి మందు లేదు.

వైరస్‌కు కులం లేదని 2020లో టీవీల్లో ఊదరగొట్టారు. నిజమే, వైరస్‌కు లేదు. చావుకు ఉంది. 1918లో బొంబాయి నగరంలో ఇన్‌ఫ్లూయెంజా చావులను ఆనాటి ప్రభుత్వమే జాతుల వారీగా, కులాల వారీగా లెక్క కట్టింది. యూరోపియన్లలో వెయ్యికి 8.3. పార్శీలలో 9. సవర్ణ హిందువుల్లో 18.9. కింది కులాల హిందువుల్లో 61.6. మళ్ళా చెబుతున్నాం, రాసుకోండి. వెయ్యికి 61.6. దొరల కంటే ఏడు రెట్లు, సవర్ణుల కంటే మూడు రెట్లు. ఒకే ఊరు, ఒకే గాలి, ఒకే జ్వరం. తేడా ఎక్కడొచ్చింది? ఒకే గదిలో పదిమంది పడుకోవటంలో వచ్చింది. సగం కడుపుకు తినటంలో వచ్చింది. జ్వరం తగ్గిన మర్నాడే రేవులో మూటలు మొయ్యక తప్పకపోవటంలో వచ్చింది.

మూడోది, నిజంగా తగ్గింది, కొన్ని నెలలకు మళ్ళీ కొత్తగా అంటుకుంది. ఒకసారి వస్తే ఇక రాదని మొదట్లో చాలామంది అనుకున్నారు. తట్టు లాంటి జబ్బుల విషయంలో అది చాలావరకు నిజం. రొంప జబ్బుల విషయంలో నిజం కాదు. 2020 ఆగస్టులో హాంకాంగ్‌లో 33 ఏళ్ళ మనిషికి 142 రోజుల తర్వాత రెండోసారి కరోనా అంటుకుందని, రెండుసార్లూ వచ్చిన వైరస్ జన్యువులు వేరని పరీక్షలో తేలింది. రెండోసారి ఆయనకు ఏ బాధా లేదు. విమానాశ్రయంలో పరీక్ష చేస్తే బయటపడింది. అదే ఏడాది అక్టోబరులో అమెరికాలో నెవాడా రాష్ట్రం నుంచి ఇంకో కేసు వెలువడింది. 25 ఏళ్ళ కుర్రవాడు. రెండోసారి మొదటిసారి కంటే ఎక్కువగా జబ్బుపడి ఆక్సిజన్ దాకా వెళ్ళాడు. మన దేశంలో ఐ.సి.ఎం.ఆర్. వాళ్ళు 1300 మంది వివరాలు చూస్తే 58 మందికి, అంటే నూటికి నాలుగున్నర మందికి, రెండోసారి వచ్చినట్టు లెక్క తేలింది. రెండు పరీక్షల మధ్య కనీసం 102 రోజుల ఎడం ఉండి, మధ్యలో ఒకసారి నెగిటివ్ వచ్చి ఉంటేనే వాళ్ళు లెక్కలోకి తీసుకున్నారు. తర్వాత 2021 నవంబరులో ఒమిక్రాన్ వచ్చాక రెండోసారి, మూడోసారి రావటం మామూలైపోయింది.

ఇలా ఎందుకు జరుగుతుంది? రెండు కారణాలు. ఒకటి, ఒంట్లో పుట్టిన రక్షణ కాలం గడిచే కొద్దీ పలచబడుతుంది. నెదర్లాండ్స్‌లో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు పదిమంది మగవాళ్ళ రక్తాన్ని ముప్ఫై ఐదేళ్ళకు పైగా దాచిపెట్టి పరీక్షిస్తూ వచ్చారు. మామూలు రొంప తెచ్చే నాలుగు పాత కరోనా వైరస్‌లు వాళ్ళకు మళ్ళీ మళ్ళీ, చాలాసార్లు ఏడాదికే తిరిగొచ్చినట్టు 2020లో తేల్చారు. రెండోది, వైరస్ వేషం మారుస్తుంది. నకలు తీసేటప్పుడు అక్షరం తప్పు పోతుంది. మా బడిలో పిల్లలు ఒకరి నోటుపుస్తకం చూసి ఒకరు రాసుకుంటూ పోతే చివరివాడి దగ్గరకు పాఠమే మారిపోయినట్టు. పాత గుర్తులతో కాపలా కాసే మన రక్షణ దళం కొత్త వేషాన్ని వెంటనే పోల్చుకోలేదు. ఫ్లూ టీకాలో ఏ రకాలు ఉండాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా రెండుసార్లు కూర్చుని తేల్చేది ఇందుకే. అంతమాత్రాన టీకా దండగ కాదు. అంటుకోకుండా పూర్తిగా ఆపలేకపోయినా, ప్రాణం మీదికి రాకుండా చాలావరకు కాపాడుతుంది. పసిపిల్లలకు నిమోనియా రాకుండా వేసే పి.సి.వి. టీకాను 2021లో దేశమంతటా ఉచిత టీకాల్లో చేర్చారు. ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలకు వెయ్యాలి. మన పల్లెలో ఎంతమంది పిల్లలకు మూడూ పడ్డాయో ఏ.ఎన్.ఎం. అక్కతో కూర్చుని చూసుకోవాలి.

నాలుగోది, రోగం తిరగబెట్టలేదు, పరీక్ష మాత్రం మళ్ళీ పాజిటివ్ వచ్చింది. 2020 ఏప్రిల్‌లో దక్షిణ కొరియాలో తగ్గినవాళ్ళకు మళ్ళీ పాజిటివ్ వస్తోందని గగ్గోలు లేచింది. వాళ్ళు అలాంటి 285 మందిని, వాళ్ళతో మెలిగిన 790 మందిని వెతికి పట్టుకుని పరీక్షించారు. వాళ్ళ వల్ల కొత్తగా ఒక్కరికి అంటుకున్నట్టు కూడా తేలలేదు. బతికున్న వైరస్ దొరకలేదు. పరీక్షలో పడింది చచ్చిన వైరస్ ముక్కలే. యుద్ధం అయిపోయాక పొలంలో తూటాల డొప్పలు దొరికినట్టన్నమాట. ఈ సంగతి ఎందుకు చెబుతున్నామంటే, ఆ రోజుల్లో తగ్గి నెల దాటినా మన ఆడవాళ్ళను కూలికి పిలవలేదు. ఊళ్ళో కొట్టువాడు డబ్బులు నేల మీద పెట్టమన్నాడు. అవి నేల మీద పెట్టమనటం మన తాతల నాటి నుంచి ఉన్నదే. కరోనా దానికో కొత్త సాకు ఇచ్చింది. "సామాజిక దూరం పాటించండి" అని మైకుల్లో అరిచారు. సామాజిక దూరం మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. వేల ఏళ్ళుగా మన మీద పాటించారు. కావలసింది మనిషికీ మనిషికీ మధ్య రెండు గజాల దూరం, అదీ రోగం ఉన్న రోజుల్లో మాత్రమే. దగ్గు ఉన్నంతకాలం నోటికి గుడ్డ కట్టుకోవటం మనం తోటివాళ్ళకు చేసే మర్యాద. తగ్గినవాణ్ణి వెలివెయ్యటం మర్యాద కాదు, నేరం. ఆ పని మన పల్లెలో మనవాళ్ళు మనవాళ్ళకు చేసినా నేరమే.

ఐదోది, రోగం పోయినా నీరసం పోదు. నాలుగడుగులు వేస్తే ఆయాసం, మతిమరుపు, నిద్ర లేకపోవటం. కరోనా వచ్చిన మూడు నెలలకూ ఉండి, కనీసం రెండు నెలలు సాగి, వేరే కారణం కనపడకపోతే దాన్ని కరోనా తర్వాతి జబ్బుగా లెక్కించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. అలాంటి మనిషిని "పని దొంగ" అనొద్దు. రెండు వారాలు దాటి దగ్గు ఆగకపోతే, సాయంత్రాలు సన్నజ్వరం వస్తుంటే, మనిషి చిక్కిపోతుంటే, తెమడలో రక్తం పడితే మాత్రం అది తిరగబెట్టిన జ్వరమని సరిపెట్టుకోవద్దు. తెమడ పరీక్ష చేయించండి. క్షయ కావచ్చు. పరీక్ష, మందులు సర్కారు ఆసుపత్రిలో ఉచితం. మందులు మధ్యలో మానకపోతే నయమయ్యే జబ్బు అది.

ఇప్పుడు ఏం చెయ్యాలో చెబుతాం. కుర్రోళ్ళు రాసుకోండి.

జ్వరం వచ్చిన మొదటి రోజు తేదీ గోడ మీద బొగ్గుతో రాయండి. తగ్గిన రోజు కూడా రాయండి. జ్వరం తగ్గినా, మొదలైన రోజు నుంచి పది రోజులు నిండేదాకా ఆ మనిషిని కనిపెట్టి ఉండండి. నిద్రలో ఉన్నప్పుడో, కదలకుండా కూర్చున్నప్పుడో గడియారం పెట్టుకుని ఒక నిమిషం పాటు శ్వాసలు లెక్కపెట్టండి. పెద్దవాళ్ళకు నిమిషానికి 24 దాటితే ఆసుపత్రికి. 30 దాటితే ఒక్క నిమిషం ఆగొద్దు. రెండు నెలల లోపు పసికందుకు 60, ఏడాది లోపు బిడ్డకు 50, ఐదేళ్ళ లోపు పిల్లలకు 40 అందినా, దాటినా ప్రమాదమే. ఊపిరి పీల్చినప్పుడు డొక్క లోపలికి పోతున్నా, పాలు తాగలేకపోతున్నా, మత్తుగా పడి ఉన్నా లెక్కపెడుతూ కూర్చోవద్దు, ఎత్తుకుని పరిగెత్తండి.

వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు సంఘం తరఫున రెండు కొన్నాం. 94 కంటే తగ్గితే ఆసుపత్రికి తీసుకుపోవాలి. గోళ్ళరంగు ఉంటే తుడిచి పెట్టండి. ఇంకో మాట. నల్లని చర్మం మీద ఈ మీటరు ఉన్నదానికంటే ఎక్కువ చూపించే ప్రమాదం ఉంది. 2020 డిసెంబరులో అమెరికాలో నల్లవాళ్ళను, తెల్లవాళ్ళను పోల్చి చూశారు. మీటరు బాగానే ఉందని చెబుతున్నా రక్తంలో ఆక్సిజన్ పడిపోయి ఉన్నవాళ్ళు నల్లవాళ్ళలో దాదాపు మూడు రెట్లు ఎక్కువ. మీటరు కూడా తెల్లచర్మం కొలతతో తయారైందన్నమాట. అందుకని అంకె బాగుంది గదా అని మనిషిని వదిలెయ్యొద్దు. అంకె ఒకటి చెప్పి మనిషి ఇంకోటి చెబితే మనిషినే నమ్మండి.

షుగరు, బీపీ, ఆస్తమా ఉన్నవాళ్ళు, అరవై దాటినవాళ్ళు, కడుపుతో ఉన్న ఆడవాళ్ళు మూడో రోజు దాకా చూద్దామని ఆగొద్దు. డెంగ్యూ వేరే జబ్బే అయినా ఈ కాలంలో కలిసి తిరుగుతుంటుంది. అందులో జొరం దిగిన తర్వాత ఒకటి రెండు రోజులే అసలు ప్రమాదం. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళలో రక్తం కనపడితే జొరం లేకపోయినా ఆసుపత్రికే.

ఇవన్నీ చెప్పాక ఒక అక్క అడుగుతుంది, మాకు తెలుసు: "పది రోజులు పనికి పోకపోతే పొయ్యి ఎట్లా వెలుగుద్దయ్యా?" అక్కా, అసలు విషయం అదే. బాబాసాహెబ్ పేరు చెప్పి ఈ మాటలు ఎందుకు ఎత్తామో ఇప్పుడు చూడండి.

1942 నుంచి 1946 దాకా అంబేద్కర్ వైస్రాయ్ మండలిలో కార్మిక శాఖ చూశారు. ఆ కాలంలోనే ఆ శాఖ అదార్కర్ అనే ఆచార్యునికి కార్మికుల ఆరోగ్య బీమా గురించి పథకం రాసే పని అప్పగించింది. 1944లో ఆయన నివేదిక ఇచ్చాడు. దాని పునాది మీదే 1948లో ఇ.ఎస్.ఐ. చట్టం వచ్చింది. ఇ.ఎస్.ఐ. ఉన్న కార్మికుడు జబ్బుపడి డాక్టరు చీటీ తెస్తే ఏడాదికి 91 రోజుల దాకా కూలిలో 70 శాతం ఇంటికి వస్తుంది. అంటే పడుకుని కోలుకోవటం ఒక హక్కు అని, అది యజమాని దయ కాదని ఆనాడే ఒప్పుకున్నారు. ఆ హక్కు ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగిపోయింది. చేలో పత్తి తీసే మనిషికి, మిల్లులో రోజు లెక్కన బస్తా మోసే మనిషికి, ఊరి మురుగు ఎత్తే మనిషికి చేరలేదు. చట్టం పుట్టి డెబ్బై ఏళ్ళు దాటింది. మా బోటి పంతుళ్ళకు జబ్బు సెలవు ఉంది, జీతం ఆగదు. మా చిన్నాయనకు లేదు. ఏడో రోజు ఆయన మా దగ్గరికి వచ్చింది ఆరోగ్యం గురించి అడగటానికి కాదు. పనికి పోక తప్పదు, ధైర్యం చెప్పమని వచ్చాడు. మేము ధైర్యం చెప్పి పంపాం. చెప్పాల్సింది ధైర్యం కాదు. "పోవద్దు, ఈ పది రోజుల బియ్యం మేము చూసుకుంటాం" అని చెప్పాల్సింది.

కాబట్టి సంఘం ముందు మూడు పనులు పెడుతున్నాం. ఒకటి, జ్వరం పుస్తకం. పల్లెలో ఎవరికి జ్వరం మొదలైనా మన ఇంటర్ పిల్లలు పేరు, తేదీ రాయాలి. పది రోజులు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పోయి శ్వాస లెక్కపెట్టి రావాలి. రెండు, ముఠా నిధి. ప్రతి ముఠాలో వారానికి ఒక పూట కూలి పక్కన పెట్టి, జబ్బుపడిన మనిషికి పది రోజుల గింజలు ఇవ్వాలి. ఆ మనిషి చోటు ముఠాలో పోకూడదు. మేస్త్రి ఇంకొకరిని పెట్టుకుంటానంటే ముఠా మొత్తం అడ్డం తిరగాలి. మూడు, వ్యవసాయ కూలీలకు, అసంఘటిత కార్మికులకు జబ్బు రోజుల కూలి ఇవ్వాలని, పల్లెకు వారంలో ఒక రోజు డాక్టరు రావాలని అర్జీ. మండల కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకుందాం. రసీదు లేకుండా కదలొద్దు.

ఇది సేవ, ఉద్యమం కాదు అనేవాళ్ళు ఉంటారు. సావిత్రీబాయి ఫూలే పూనా దగ్గర ప్లేగు రోగులను స్వయంగా ఎత్తుకొచ్చి వైద్యం చేయించింది. అదే ప్లేగు సోకి 1897 మార్చి 10న చనిపోయింది. బడి పెట్టినప్పుడు ఆమె ఉద్యమంలో ఉంది, రోగిని మోసినప్పుడూ ఉద్యమంలోనే ఉంది.

మన ప్రాణాలకు లెక్క లేదని ఊరు అనుకుంటుంది. 1918లో దొరల ప్రభుత్వం లెక్కయినా రాసింది. 2021లో మన పల్లెలో పోయినవాళ్ళ లెక్క ఏ కాగితం మీదా సరిగ్గా లేదు. మా చిన్నాయన చావు కాగితంలో "గుండె ఆగి" అని ఉంది. ఎవరి గుండె ఆగకుండా చావు వస్తుంది? ఇకనుంచి మన లెక్క మనమే రాసుకుందాం. పుస్తకం ఇదిగో, తెచ్చాం. మొదటి పేజీలో ఆ ఇద్దరు ఆడకూతుళ్ళ పేర్లు రాశాం. ఇవాళ వాళ్ళకు తొమ్మిదో రోజు. సభ కాగానే పోయి శ్వాస లెక్కపెట్టాలి. గడియారం ఉన్నవాళ్ళు ఇద్దరు మాతో రండి.

జై భీమ్!